లామా శాలువా మెడకు ఎందుకు గుచ్చుకుంటుంది? లామా అసలు ఉన్ని జంతువేనా?

ప్రశ్న ఇది: పెరూ వెళ్లొచ్చిన బంధువులు కుస్కోలో కొన్న లామా ఉన్ని శాలువా ఇచ్చారు. అది మెడకు గుచ్చుకుంటోంది. అల్పాకా ఉన్ని మాత్రం చాలా మెత్తగా ఉంటుందంటున్నారు. అయితే లామా ఉన్ని నాసిరకమా? అసలు లామాను గొర్రెలా ఉన్ని కోసం పెంచుతారా, ఒంటెలా బరువులు మోయడానికి పెంచుతారా? మన దగ్గర పెంచవచ్చా?

ఉన్నిని తరగతులుగా వేరు చేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. దక్షిణ పెరూలోని అరెకిపా మిల్లుల్లోనూ, బొలీవియా పీఠభూమి మీద కాపరుల దొడ్లలోనూ లామా బొచ్చును చేత్తో పట్టి చూస్తూ వచ్చాను. లామా, అల్పాకా రెండూ దక్షిణ అమెరికాలో పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన జంతువులు. ముందుగా ఒక మాట. లామా ఉన్ని నాసిరకం కాదు. లామా ఒంటి మీద రెండు రకాల వెంట్రుకలు కలిసి పెరుగుతాయి. వాటిని వేరు చేయకుండా వడికితే బట్ట గుచ్చుకుంటుంది, వేరు చేసి వడికితే మంచి అల్పాకాకు దీటుగా వస్తుంది. మీ శాలువా వేరు చేయని ఉన్నితో నేసినదై ఉండాలి, లేదా అసలు ఉన్నిదే కాకపోవచ్చు. అది ఎలా తేల్చుకోవాలో చివర్లో చెబుతాను.

లామా పక్క నుంచి చిటికెడు బొచ్చు తీసుకుని నల్లగుడ్డ మీద పరిస్తే సంగతి తెలిసిపోతుంది. నిటారుగా, బిరుసుగా, పొడవుగా ఉండే వెంట్రుకలు కొన్ని కనిపిస్తాయి. వాననీరు, మంచు చర్మం దాకా దిగకుండా జారిపోయేది వీటి వల్లే. వాటి మొదళ్ల దగ్గర పొట్టిగా, సన్నగా, లేత అలలు తిరిగిన మెత్తటి పొర ఉంటుంది. చలిని ఆపేది అది. ఒక బిరుసు వెంట్రుక కొసను రెండు వేళ్లతో పట్టి లాగితే ఇట్టే జారి వచ్చేస్తుంది. మెత్తటి పోగులు ఒకదానికొకటి చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. బొలీవియాలో ఆడవాళ్లు ఒళ్లో బొచ్చు పెట్టుకుని చేసే పని ఇదే. గంటల తరబడి కూర్చుంటే గానీ ఒక శాలువాకు సరిపడా ఉన్ని పోగవదు. ఇప్పుడు ఈ పనికి యంత్రాలు వచ్చాయి. లోపలి ఉన్ని, పై వెంట్రుక బరువులో, బిరుసులో వేరుగా ఉండటాన్ని ఆసరా చేసుకుని అవి రెంటినీ విడదీస్తాయి. ఒక్కసారి నడిపితే సరిపోదు, మళ్లీ మళ్లీ నడపాలి. నడిపినప్పుడల్లా కొంత మంచి ఉన్ని కూడా తెగి వృథా అవుతుంది. లామా ఉన్నికి అసలు ఖర్చు ఇక్కడే. లడఖ్‌లో పశ్మీనా మేకల దగ్గరా ఇదే పరిస్థితి. ముతక వెంట్రుకల కింద ఉండే సన్నని ఉన్నిని దువ్వి తీసి, శుభ్రం చేసి, వెంట్రుకలు ఏరిన తర్వాతే అది పశ్మీనా అవుతుంది.

ఇప్పుడు కొలతలు చూద్దాం. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. 30 మైక్రాన్లు దాటిన పోగు కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, నిలబడి పొడుస్తుంది. అంతకంటే సన్ననిది వంగిపోతుంది. ఒక బట్టలో 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి ఐదు కంటే ఎక్కువ ఉంటే చాలామందికి దురదగా అనిపిస్తుంది. లామా లోపలి ఉన్ని సుమారు 20 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది. పై వెంట్రుకలు 50 మైక్రాన్లు కూడా దాటిపోతాయి. శాలువాలో అవి కొద్దిగా మిగిలినా మెడకు గుచ్చుకుంటాయి. ఇది ఎలర్జీ కాదు, పొడుచుకోవడమే. గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు లామా ఉన్నిలో చాలా తక్కువ కాబట్టి, గొర్రె ఉన్ని పడనివారిలో కొందరు శుభ్రం చేసిన లామా ఉన్నిని హాయిగా వేసుకోగలుగుతారు.

అల్పాకా మెత్తగా ఉండటానికి కారణం దాని వంశంలోనే ఉంది. దక్షిణ అమెరికాలో ఒంటె కుటుంబానికి చెందిన జంతువులు నాలుగు. గ్వనాకో, వికూన్యా అడవివి. లామా, అల్పాకా పెంపుడువి. గ్వనాకో నుంచి లామా వచ్చిందని చాలాకాలంగా తెలుసు. అల్పాకా వికూన్యా నుంచి వచ్చిందని 2001లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. వికూన్యా ఉన్ని 12, 13 మైక్రాన్లే ఉంటుంది. అంత సన్నని ఉన్ని గల జంతువును ఎంచుకుని తరాల తరబడి ఉన్ని కోసమే పెంచారు కాబట్టి అల్పాకా ఉన్ని జంతువు అయింది. ఒళ్లంతా దాదాపు ఒకే రకం పోగులు ఉంటాయి, పై వెంట్రుక బాగా తగ్గిపోయింది. లామాను మాత్రం నడక, బలం, ఓర్పు చూసి ఎంచారు. అందుకే ఎత్తులో, బరువులో అంత తేడా. అల్పాకా 50 నుంచి 80 కిలోలు ఉంటే, పెద్ద లామా 130 నుంచి 200 కిలోల దాకా తూగుతుంది.

అంటే మీ రెండో ప్రశ్నకు జవాబు: లామా ముందుగా బరువు మోసే జంతువు. ఉన్ని, మాంసం, తోలు, పేడ ఆ తర్వాత. ఐరోపావాళ్లు రాకముందు రెండు అమెరికా ఖండాలలోనూ బరువులు మోసే పెద్ద పెంపుడు జంతువు ఇదొక్కటే. గుర్రం లేదు, గాడిద లేదు, ఎద్దు లేదు. స్పానిష్ వాళ్లు రాకముందు ఆండీస్ పర్వత ప్రాంతాన్ని ఏలిన 'ఇంకా' అనే సామ్రాజ్యపు దారులన్నిటి మీదా సరుకు సాగింది మనిషి వీపు మీద, లేకపోతే లామా వీపు మీద. దీన్ని సవారీకి వాడలేదు, ఎందుకంటే పెద్ద మనిషిని మోసే వీపు కాదు ఇది. 25, 30 కిలోలు వేస్తే రోజుకు 20 కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. అంతకు మించి వేస్తే కూలబడిపోతుంది. బుజ్జగించినా, అదిలించినా లేవదు. దాన్ని మొండితనం అంటారు గానీ నాకు అలా అనిపించదు. తన వీపు ఎంత మోయగలదో దానికి తెలుసు. పాత కాపరులు కూడా కొట్టరు, మూట విప్పి బరువు తగ్గిస్తారు.

బొలీవియాలో ఉయూని ఉప్పు మైదానం ఉంది. అక్కడ ఉప్పును గడ్డపారలతో దిమ్మలుగా కోసి, ఇచు అనే అక్కడి బిరుసు గడ్డితో పేనిన తాళ్లతో కట్టి, మగ లామాల మీద వేసి, వారాల తరబడి కిందికి లోయల్లోకి నడిచేవారు. లోయల్లో ఉప్పు ఇచ్చి మొక్కజొన్న తెచ్చుకునేవారు. నాలుగు వేల మీటర్ల ఎత్తులో మొక్కజొన్న పండదు, లోయల్లో ఉప్పు దొరకదు. ఆ రెండు ఊళ్ల కడుపులు నింపింది లామాలే. బయలుదేరే ముందు వాటి చెవులకు రంగు ఉన్ని కుచ్చులు కట్టి, ముందు నడిచే లామా మెడలో గంట వేసేవారు. మూటలు కట్టే తాళ్లు, ధాన్యం పోసే సంచులు, కాపరి చేతిలోని వడిసెల అన్నీ లామా వెంట్రుకతో చేసినవే. బట్టకు పనికిరాదని మనం తీసిపారేసే బిరుసు వెంట్రుకే తాడుకు ప్రాణం. నీళ్లలో నానినా అంత తేలిగ్గా కుళ్లదు, రాపిడికి తట్టుకుంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో లారీలు వచ్చాక ఈ బిడారులు దాదాపు ఆగిపోయాయి. మూట మోసే పని పోయిన తర్వాత చాలా కుటుంబాలకు లామా అంటే ప్రధానంగా మాంసమే. ఉన్ని వెనకబడటానికి ఇదొక కారణం.

ఇంకో కారణం ఇంకా పాతది. అది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆండీస్ పర్వతాల్లో ఈ జంతువులను మచ్చిక చేసుకోవడం ఆరేడు వేల ఏళ్ల కిందట జరిగింది. పెరూలోని హునీన్ ప్రాంతంలో తెలర్మచాయ్ అనే రాతి గుహలో దొరికిన ఎముకలు ఆ క్రమాన్ని చూపిస్తాయి. మొదటి పొరల్లో వేటాడిన అడవి జంతువుల ఎముకలు, పై పొరలకు వచ్చేసరికి మందలో పుట్టి చనిపోయిన పిల్ల జంతువుల ఎముకలు ఎక్కువ. అక్కడి నుంచి వేల ఏళ్ల పాటు కాపరులు రంగును బట్టి, ఉన్నిని బట్టి జంతువులను ఎంచి పెంచుతూ వచ్చారు. దక్షిణ పెరూలోని ఎల్ యారాల్ అనే చోట సుమారు వెయ్యేళ్ల నాటి ఇళ్ల నేల కింద పాతిపెట్టిన లామాలు, అల్పాకాలు దొరికాయి. ఎడారి పొడిగాలికి అవి బొచ్చుతో సహా ఎండి నిలిచిపోయాయి. వాటి ఉన్నిని పురావస్తు శాస్త్రవేత్త జేన్ వీలర్ బృందం కొలిచి చూస్తే, నేటి మందల కంటే సన్నగా, ఒళ్లంతా ఒకే తీరుగా ఉంది. పై వెంట్రుక, లోపలి ఉన్ని మధ్య తేడా ఇప్పటిలా లేదు. ఆనాటి లామాల్లో సన్నని ఉన్ని కోసమే ప్రత్యేకంగా పెంచినవీ ఉన్నాయి.

అంటే మెత్తటి ఉన్ని ఇచ్చే లామాను ఆండీస్ ప్రజలు ఒకప్పుడు సాధించారు. ఇంకాల కాలంలో రాజ్యానికీ, ఆలయాలకూ వేరువేరు మందలుండేవి. ముడులు వేసిన తాళ్లతో లెక్కలు రాసే పద్ధతిలో మందల లెక్కలూ ఉండేవి. నేతలో కూడా రెండు స్థాయిలుండేవి. ఇంటి వాడకానికి ఆవస్కా అనే ముతక బట్ట, రాజుకూ దేవుడికీ కుంబి అనే అతి సన్నని బట్ట. 1532లో స్పానిష్ వాళ్లు వచ్చాక ఒక శతాబ్దం లోపే మందల్లో అత్యధిక భాగం నశించింది. మంచి గడ్డిభూములు గొర్రెల పాలయ్యాయి. మిగిలిన కాపరులు బంజరు ఎత్తుల్లోకి నెట్టివేయబడ్డారు. 1545లో నేటి బొలీవియాలోని పోతోసిలో వెండి బయటపడింది. ఇక లామాలు ఖనిజం మూటలు మోయడానికే పనికొచ్చాయి. ఏది దేనితో కలిసినా పట్టించుకునేవారు లేక లామాలు, అల్పాకాలు కలిసిపోయాయి. ఈనాటి మందల్లో రెండు రక్తాలూ కలిసినవి చాలా ఉన్నాయని డీఎన్ఏ పరీక్షలు చెబుతున్నాయి. కాబట్టి లామా ఉన్ని ముతకగా ఉంటే అది జాతి లోపం కాదు. తరతరాల ఎంపిక చెదిరిపోయిన ఫలితం.

ఇప్పటికీ రెండు రకాల లామాలు స్పష్టంగా కనిపిస్తాయి. ముఖం, కాళ్లు నున్నగా, ఒంటి మీద పొట్టి బొచ్చుతో ఉండేది కారా. బరువులకు అదే మేలు. నుదుటి మీదా, మెడ మీదా దట్టంగా ఉన్ని ఉండేది చాకు, బొలీవియాలో దాన్నే తంపుల్లి అంటారు. ఉన్నికి ఇది మేలు. లామాలు ఎక్కువగా ఉన్న దేశం బొలీవియా, అల్పాకాలు ఎక్కువగా ఉన్న దేశం పెరూ. లామాకు ఏటా గానీ, రెండేళ్లకోసారి గానీ బొచ్చు తీస్తారు. పెద్ద లామా నుంచి సుమారు ఒకటి రెండు కిలోలు వస్తుంది. కాళ్లు కట్టి పక్కకు పడుకోబెట్టి, కత్తెరతో వీపు, పక్కలు కత్తిరిస్తారు. మెడ, పొట్ట, కాళ్ల బొచ్చును విడిగా పెట్టాలి, అది ముతకది. ఆ ఒక్క జాగ్రత్త తీసుకోకుండా అంతా ఒకే సంచిలో కుక్కేస్తే తర్వాత ఎంత మంచి మిల్లూ దాన్ని బాగు చేయలేదు. అరెకిపాలో ఈ వేరుచేసే పని ఆడవాళ్లది. యంత్రాలు, కొలతలు లేకుండా వేళ్లతో తడిమి ఏ పాయ ఏ తరగతికి చెందుతుందో చెప్పేస్తారు. ప్రయోగశాల కొలత తర్వాత వస్తుంది, వాళ్ల మాట చాలావరకు నిలుస్తుంది. నేను ఈ విద్యలో కొంచెం నేర్చుకున్నదీ వాళ్ల దగ్గరే.

దుకాణాల్లో 'బేబీ అల్పాకా' అని చూస్తే పిల్ల జంతువు ఉన్ని అనుకోకండి. సుమారు 22 మైక్రాన్ల సన్నని తరగతికి ఆ పేరు. ముసలి అల్పాకా మీద కూడా ఆ తరగతి ఉన్ని దొరకవచ్చు. 'బేబీ లామా' కూడా అంతే, ముతక వెంట్రుక తీసేసిన సన్నని లామా ఉన్ని. ఆ మాట చీటీ మీద ఉంటే ధైర్యంగా కొనవచ్చు.

ఇక మన దగ్గర పెంచడం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ వ్యాపారంగా పెంచమని నేను ఎవరికీ చెప్పను. చట్టం ఒక అడ్డంకి. బయటి దేశం నుంచి పశువును తేవాలంటే 1898 నాటి పశువుల దిగుమతి చట్టం కింద ముందే అనుమతి కావాలి, క్వారంటైన్ ఉంటుంది. కానీ అసలు అడ్డంకి ఎండ. మూడున్నర వేల మీటర్లకు పైన, పలచటి గాలిలో బతకడానికి తయారైన ఒళ్లు ఇది. దాని ఎర్ర రక్తకణాలు కూడా గుండ్రంగా కాక కోలగా ఉండి, తక్కువ ఆక్సిజన్‌తోనే పని నడిపిస్తాయి. అమెరికాలో లామాలు పెంచేవాళ్లు ఒక లెక్క వాడతారు. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలపాలి. 120 లోపు ఉంటే బెంగ లేదు, 180 దగ్గరికి వస్తే ప్రమాదం. జూన్ మొదట్లో విజయవాడలో 36 డిగ్రీల సెల్సియస్, 70 శాతం తేమ అనుకుందాం. ఫారెన్‌హీట్‌లో అది 97, మొత్తం 167. అలాంటి రోజులు వరసగా వస్తే మేత మానేస్తుంది, మగవాటికి కొన్నాళ్ల పాటు సంతాన శక్తి తగ్గుతుంది, చూలు జంతువులు చనిపోవచ్చు. పైగా చూలు పదకొండున్నర నెలలు, పుట్టేది ఒక్కటే పిల్ల. పోయిన మందను తిరిగి నిలబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఉన్ని మీద ఆశ ఉంటే మన దక్కనీ గొర్రె ఉంది, దానితో గొంగడి నేసే కురుమల చేతి పని ఉంది. ఆ ఉన్నికి మార్కెట్ లేక కాపరులు పారేస్తున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్లు అక్కడ పెడితే నాకు ఎంతో సంతోషం.

అమెరికాలో ఊరి బయట కొన్ని ఎకరాలు కొనుక్కుని మేకలో గొర్రెలో పెంచే మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్లకు లామా నిజంగా ఉపయోగం. విత్తులు కొట్టిన ఒక మగ లామాను గొర్రెల మందలో వదిలితే ఆ మందను తన మందగా చూసుకుంటుంది, కాయోటీ అనే తోడేలు లాంటి జంతువు కనబడితే గట్టిగా అరుస్తూ దాని మీదికి వెళ్తుంది. ఒక్కటే ఉండాలి, ఎందుకంటే రెండుంటే ఒకదానికొకటి తోడై గొర్రెలను పట్టించుకోవు. కాకపోతే ఒక హెచ్చరిక. ముద్దుగా ఉందని సీసా పాలతో ఒంటరిగా పెంచిన మగ పిల్లను కొనవద్దు. అది మనుషులను తన జాతి అనుకుంటుంది. ఎదిగాక, మరో మగ లామాతో పోట్లాడినట్టే మనిషి మీద పడుతుంది, ఛాతీతో గుద్ది కరుస్తుంది. పిల్లను తల్లి దగ్గరే, మందలోనే పెరగనివ్వాలి. ఇంకొకటి, వేసవిలో నీళ్లు చల్లాల్సి వస్తే వీపు మీద కాదు, పొట్ట కింద, కాళ్ల మధ్య చల్లండి. అక్కడ బొచ్చు పలచన, వేడి అక్కడి నుంచే బయటికి పోతుంది. వీపు మీది ఉన్ని తడిస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ శాలువా. అంచు నుంచి ఒక చిన్న దారపు ముక్క తీసి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద వెలిగించండి. కాలిన వెంట్రుక వాసన వచ్చి, మంట తీసేయగానే ఆరిపోయి, నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే అది జంతువు ఉన్ని. కరిగి గట్టి నల్ల గింజలా మిగిలితే అక్రిలిక్. పర్యాటకుల సంతల్లో అలాంటివి కుప్పలుగా అమ్ముతారు. ఉన్నే అయితే, పగటి వెలుతురులో నల్లగుడ్డ మీద పరచి అంచున చూడండి. నేత నుంచి పైకి పొడుచుకొచ్చిన నిటారు వెంట్రుకలు కనిపిస్తాయి. గుచ్చుకునేవి అవే. వాటిని పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగేస్తే నేత చెడదు, ఎందుకంటే బట్టను పట్టి ఉంచేది మెత్తటి ఉన్ని. మెడకు తగిలే జాగా వరకు చేసినా చాలా తేడా తెలుస్తుంది. ఉతికేటప్పుడు గోరువెచ్చని నీళ్లు, తలకు వాడే షాంపూ కొద్దిగా చాలు. పిండవద్దు, తువాలులో చుట్టి అదిమి, చదునుగా ఆరబెట్టండి. లామా ఉన్నికి గొర్రె ఉన్నికి ఉన్నంత సాగి ముడుచుకునే గుణం లేదు, తీగ మీద వేలాడదీస్తే సాగి అలాగే ఉండిపోతుంది. అంతా చేశాక కూడా మెడ ఒప్పుకోకపోతే, దర్జీ దగ్గర పల్చటి నూలు అస్తరు వేయించుకోండి.